స్టీరింగ్ లైట్ వెలిగి తిప్పడం బరువైతే: కాలమ్ మార్చే ముందు కొలవాల్సినవి (నా అనుభవం)

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఈ మధ్య తరచుగా వస్తున్న కంప్లయింట్ ఒకటుంది. బెంజి సర్కిల్ లాంటి చోట బండి నెమ్మదించి మలుపు తిప్పబోతే స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంటుంది, మీటరు బోర్డులో స్టీరింగ్ బొమ్మ లైట్ వెలుగుతుంది. పక్కకు ఆపి తాళం తీసి మళ్లీ పెడితే అంతా మామూలే. ఈసారి వచ్చింది ఏడెనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. అంతకుముందు చూసినవాళ్లు కాలమ్ అసెంబ్లీ (స్టీరింగ్ చక్రం కింద ఉండే షాఫ్టు, దాని మోటరు మొత్తం) పోయింది, మార్చాలి అన్నారట. తీరా కొలిచి చూస్తే కాలమ్ నిక్షేపంగా ఉంది. ఏ వరసలో కొలిచానో, ఏ అంకె వస్తే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో రాస్తున్నాను. చేతిలో మంచి మల్టీమీటరు, పక్కన స్టీరింగ్ తిప్పేందుకు ఒక మనిషి ఉంటే ఈ పనిలో ముప్పాతిక భాగం ఎవరైనా చేయొచ్చు.

ముందు ఆ కాలమ్‌లో ఏముందో తెలియాలి. ఈ రకం బండ్లలో పంపు, ఆయిల్, బెల్టు ఉండవు. డ్యాష్‌బోర్డు కింద, డ్రైవరు మోకాళ్లకు పైన, కాలమ్‌కే ఒక మోటరు బిగించి ఉంటుంది. 1988లో సుజుకి సెర్వోలో వచ్చిన ఏర్పాటు ఇది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇప్పుడు ఇదే పద్ధతి. స్టీరింగ్ షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో టోర్షన్ బార్ అనే సన్నని కడ్డీ వాటిని కలుపుతుంది. చక్రం తిప్పగానే ఆ కడ్డీ కొద్దిగా మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో టార్క్ సెన్సర్ ఈసీయూకి (స్టీరింగ్‌ను నడిపే చిన్న కంప్యూటరుకు) చెబుతుంది, ఈసీయూ బండి వేగం చూసుకుని మోటరుకు కరెంటు పంపుతుంది, మోటరు వర్మ్ గేరు ద్వారా షాఫ్టుకు బలం కలుపుతుంది. ఎక్కడ తేడా కనిపించినా ఈసీయూ మోటరును ఆపేసి లైట్ వెలిగిస్తుంది. అప్పుడు కూడా చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కాకపోతే బలమంతా మనమే పెట్టాలి. మలుపు సగంలో ఉండగా ఇలా జరిగితే ప్రమాదం. లైట్ ఆరిపోయింది కదా అని తిప్పుకుంటూ ఉండకూడదు.

ఓనర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఎప్పుడు వస్తోంది అని. "హైవేలో ఏమీ లేదన్నా, ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర యూటర్న్ తిప్పితేనే వస్తోంది. రాత్రిళ్లు ఇంకా ఎక్కువ" అన్నాడు. ఆ మాటలోనే సగం జవాబు ఉంది. నిలబడ్డ బండిలో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పితే మోటరు 40 ఆంపియర్ల వరకు లాగుతుంది, పెద్ద బండి అయితే ఇంకా ఎక్కువ. హైవే వేగంలో దానికి కొద్ది ఆంపియర్లు చాలు. పైగా యూటర్న్ దగ్గర ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంటుంది, ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ, అందులో ఏసీ ఫ్యాను, హెడ్‌లైట్లు తినేస్తాయి. అంటే కరెంటు ఎక్కువ అవసరమైన క్షణంలోనే మోటరు ఆగిపోతోంది. సెన్సరో ఈసీయూనో పాడైతే ఇలా సమయం చూసుకుని రావడం అరుదు. సప్లై దారిలో ఎక్కడో అడ్డు ఉందన్న అనుమానంతోనే పని మొదలుపెట్టాను.

లైట్ వెలగకుండా బరువెక్కే కేసు వేరు. టైర్లలో గాలి, కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్ తుప్పు, స్ట్రట్ పైన బేరింగు ముందు చూడాలి. పార్కింగ్‌లో చాలాసేపు అటూ ఇటూ తిప్పి, లాక్ (చక్రం ఇక తిరగని చివర) దగ్గర బలంగా పట్టి ఉంచితే మోటరు వేడెక్కి ఈసీయూ తనంతట తాను కరెంటు తగ్గిస్తుంది. కాసేపు వదిలేస్తే మామూలవుతుంది. అది జబ్బు కాదు, రక్షణ.

తర్వాత బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొంతసేపు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఈ బండిలో మూడూ సరిగ్గానే వచ్చాయి. టెర్మినల్స్ బిగువు చేత్తో తిప్పి చూశాను, కదల్లేదు. చాలామంది ఇక్కడితో సప్లై బాగుందని తేల్చేసి కాలమ్ మీద పడతారు. బ్యాటరీ దగ్గర వోల్టేజి ఉండటం వేరు, అది ఈసీయూ దాకా చేరడం వేరు.

బండి కంప్యూటర్లు దాచుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్ విషయంలో ఒక హెచ్చరిక. ఫోన్‌కు కలుపుకునే చవక బ్లూటూత్ రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లనే చదువుతాయి. వాటిలో "కోడ్లు లేవు" అని వస్తే స్టీరింగ్ ఈసీయూలో ఏమీ లేదని కాదు, దాన్ని అడగనేలేదని. స్టీరింగ్ మాడ్యూల్‌లోకి, అంటే ఆ ఈసీయూలోకి, నేరుగా వెళ్లగలిగే స్కానర్ కావాలి. దానితో చూస్తే రెండు కోడ్లు దొరికాయి. ఒకటి సప్లై వోల్టేజి తక్కువ, రెండోది టార్క్ సెన్సర్ సిగ్నల్. మొదటి కోడ్ పడిన క్షణంలో ఈసీయూ నమోదు చేసుకున్న వోల్టేజి 10 లోపు ఉంది. బ్యాటరీ బాగుండి, ఈసీయూకి 10 కూడా అందలేదంటే మిగతాది దారిలోనే పోయింది. కోడ్లు రాసుకున్నాకే చెరిపాను. ముందే చెరిపేస్తే ఇలాంటి ఆధారం పోతుంది.

చేతులు లోపల పెట్టే ముందు జాగ్రత్త ఒకటి. కాలమ్ చుట్టూ పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), పసుపు గొట్టంలో వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మల్టీమీటరు గానీ టెస్ట్ ల్యాంప్ గానీ తగిలించకూడదు. వాటిని ఊడదీయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ బండి మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. కాలమ్‌ను కిందికి దించేటప్పుడు టైర్లు నేరుగా పెట్టి, చక్రం తిరగకుండా బెల్టుతో కట్టేయాలి. కింద జాయింట్ విప్పాక చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపలి క్లాక్ స్ప్రింగ్ (చక్రంలోకి కరెంటు తీసుకెళ్లే చుట్ట) రిబ్బన్ తెగుతుంది. అప్పుడు హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైట్ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇక అసలు పరీక్ష. ఈ పనిలో ఓమ్ మీటరును నమ్మొద్దు. మీటరు తనిఖీకి పంపేది మిల్లీ ఆంపియర్లు. ఇరవై ముప్పై పోగులున్న వైరులో రెండే మిగిలినా అది సున్నా దగ్గరే చూపిస్తుంది. ఇక్కడ నడవాల్సింది 40 ఆంపియర్లు. దారిలో 0.05 ఓమ్ అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటరుకు 0.05 ఓమ్ కనిపించనే కనిపించదు, దాని లీడ్ల నిరోధమే అంతకంటే ఎక్కువ. అందుకే లోడు మీద, అంటే మోటరు కరెంటు లాగుతుండగా, వోల్టేజి డ్రాప్ (దారిలో పోయే వోల్టులు) కొలవాలి.

చేసే విధానం ఇది. మీటరుకు మూడు మీటర్ల అదనపు వైరు కట్టుకుంటాను, బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు కింద దాకా అందాలి కాబట్టి. స్టీరింగ్ ఈసీయూకి ఒక లావు కప్లర్ ఉంటుంది, అందులో రెండు మందపాటి వైర్లు, ఒకటి ప్లస్సు, ఒకటి ఎర్త్. కప్లర్ తగిలించి ఉండగానే వెనకవైపు నుంచి సన్నని సూది పిన్ను వైరు పక్కగా దూర్చి కొలవాలి. వైరు తోలును గుచ్చకూడదు, ఆ రంధ్రంలోంచే తేమ పట్టి ఏడాదిలో వైరు పచ్చబడుతుంది. మీటరులో మిన్ మ్యాక్స్ బటన్ ఉంటే నొక్కి ఉంచుకోవాలి. డ్రాప్ అర సెకను ఉండి పోతుంది, కంటికి అందదు.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి, ఏసీ, హెడ్‌లైట్లు వేయించి, కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పమన్నాను. లాక్ దగ్గర రెండు మూడు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దని చెప్పాను, లేకపోతే మోటరు వేడెక్కి ఈసీయూ కరెంటు కోసేస్తుంది, కొలత పాడవుతుంది. క్లాంపు మీటరులో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) 40 ఆంపియర్లు కనిపించిన క్షణంలో అంకెలు ఇలా వచ్చాయి. బ్యాటరీ పోస్టుల మీద 12.3. ప్లస్సు దారిలో డ్రాప్ 0.4. ఎర్త్ దారిలో డ్రాప్ 2.3. ఈసీయూ పిన్నుల మధ్య మిగిలింది 9.6. లెక్క సరిపోయింది, ఈసీయూ రాసుకున్నదానికీ సరిపోయింది.

ఇక్కడ మీటరు లీడ్లు ఎక్కడ పెట్టాలో చెప్పాలి, చాలామంది తప్పేది ఇక్కడే. ప్లస్సు డ్రాప్‌కు ఎర్ర లీడు బ్యాటరీ ప్లస్సు పోస్టు మీద, నల్ల లీడు ఈసీయూ ప్లస్సు పిన్ను మీద. ఎర్త్ డ్రాప్‌కు ఎర్ర లీడు ఈసీయూ ఎర్త్ పిన్ను మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. పోస్టు అంటే సీసపు ముక్క మీదే, దానిపై బిగించిన క్లాంపు మీద కాదు. క్లాంపుకూ పోస్టుకూ మధ్యే అడ్డు ఉంటే క్లాంపు మీద పెట్టిన లీడుకు అది తెలియదు. ఎర్త్ వైపు 0.2 వరకు, ప్లస్సు వైపు 0.3 వరకు నేను ఒప్పుకుంటాను. అంతకు మించితే వెతకాల్సిందే.

2.3 వోల్టులు ఎక్కడ పోతున్నాయో ముక్కలు చేసి కొలిచాను. ఈసీయూ పిన్ను నుంచి ఎర్త్ రింగు (ఎర్త్ వైరును బాడీకి బిగించే చివర) దాకా 0.1. రింగు నుంచి దాని పక్కనే బాడీ రేకు మీదికి 2.1. బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు 0.1. దోషం ఒక్క బోల్టు కింద ఉంది. డ్రైవరు కుడికాలి పక్కన ఉండే ప్లాస్టిక్ కవరు తీస్తే కార్పెట్ అంచు తడిగా ఉంది, 10వ నంబరు బోల్టు మీద మూడు రింగులు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. రేకుకు ఆనుకుని ఉండాల్సిన స్టీరింగ్ రింగు పైకెక్కింది, దాని కింద తర్వాత వేయించిన ఆంప్లిఫయర్ ఎర్త్, ఆ కింద పెయింటు పొర. తడికి బోల్టు మరలన్నీ తెల్లటి పొడి పట్టాయి. అదే చోట 2.1 వోల్టులను 40 ఆంపియర్లతో హెచ్చిస్తే 84 వాట్లు. తిప్పిన ప్రతిసారీ ఆ బోల్టు దగ్గర అంత వేడి పుడుతోందన్నమాట. స్టీరింగ్ రింగు అంచు నీలంగా మారడానికి కారణం అదే.

తడి ఎక్కడిదో తెలుసుకోకుండా బోల్టు బిగిస్తే మళ్లీ వర్షాకాలానికి బండి తిరిగొస్తుంది. వైపర్ల కింద ప్లాస్టిక్ జాలీ తీసి చూస్తే నీళ్లు పోయే రంధ్రం ఎండుటాకులతో పూడిపోయి ఉంది. నీరు నిలిచి, కుడిమూల గ్రొమెట్ (వైర్లు దూరే రంధ్రానికి ఉండే రబ్బరు) పక్కనుంచి లోపలికి కారుతోంది. ఆకులు తీసి, నీళ్లు పోసి చూసి, గ్రొమెట్ చుట్టూ సీలెంట్ పెట్టాను. కార్పెట్ పైకెత్తి ఆరబెట్టించాను.

ఎర్త్ పని ఇలా చేశాను. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బోల్టు విప్పి, రేకు మీద రూపాయి బిళ్లంత మేర 220 నంబరు గీకుడు కాగితంతో పెయింటు పోయి మెరుపు వచ్చేదాకా గీకాను. రింగు రెండువైపులా అలాగే శుభ్రం చేశాను. వైరు చివర కత్తిరించి చూస్తే రెండు సెంటీమీటర్ల లోపలిదాకా నల్లబడి ఉంది, అంతవరకు తీసేసి కొత్త రింగు క్రింప్ చేశాను (పట్టకారుతో నొక్కి బిగించాను), బలంగా లాగి చూశాను. స్టీరింగ్ రింగు ఒక్కటే నేరుగా రేకు మీద, దానిపై పళ్ల వాషరు, కొత్త బోల్టు, 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగువు. అంతా బిగించాకే పైన వాజిలైన్ పూశాను. ఆంప్లిఫయర్ ఎర్త్‌ను వేరే బోల్టుకు మార్చాను. స్టీరింగ్ ఎర్త్ మీద ఇంకేదీ కట్టకూడదని నా అభిప్రాయం. స్టీరియో, రివర్స్ కెమెరా బిగించేటప్పుడు అందుబాటులో ఉన్న బోల్టు విప్పి రింగు దూర్చడం మన ఊళ్లలో మామూలైపోయింది.

ప్లస్సు వైపు 0.4 లో 0.25 బోనెట్ కింద ఫ్యూజు పెట్టెలోని 60 ఆంపియర్ల ఫ్యూజు బోల్టు దగ్గర పోతోంది. ఈ ఫ్యూజు గుచ్చేది కాదు, రెండు బోల్టులతో బిగించేది. ఒకటి పావు తిప్పు లూజుగా ఉంది. బిగిస్తే మొత్తం ప్లస్సు డ్రాప్ 0.18కి వచ్చింది. ఎర్త్ డ్రాప్ 2.3 నుంచి 0.08కి దిగింది. అదే ఏసీ, అదే లైట్లతో తిప్పితే ఈసీయూ దగ్గర 12 వోల్టులు నిలబడ్డాయి.

క్లాంపు మీటరు లేనివాళ్లకు ఒక చిట్కా. కప్లర్ ఊడదీసి, హెడ్‌లైట్ 60/55 బల్బు రెండు ఫిలమెంట్లనూ కలిపి ప్లస్సు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య పెడితే సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు డ్రాప్ కొలవాలి. 0.05 ఓమ్ అడ్డు ఉంటే అందులోనే దాదాపు 0.45 వోల్టు కనిపిస్తుంది. పిన్నులోకి లావు ముక్కలేవీ బలవంతంగా దూర్చకుండా, దానికి సరిపోయే టెర్మినల్ వాడాలి.

ఇంక రెండో కోడ్ మిగిలింది. టార్క్ సెన్సర్ అనగానే కాలమ్ మార్చమనేస్తారు, ఎందుకంటే సెన్సర్ విడిగా దొరకదు. ఈ బండిలో సెన్సర్‌కు 5 వోల్టుల సప్లై, ఎర్త్, రెండు సిగ్నళ్లు ఉన్నాయి. చెయ్యి తీసేసి చూస్తే రెండూ 2.5 దగ్గర ఉండాలి. ఒకవైపు తిప్పితే ఒకటి పెరిగి ఇంకొకటి అంతే తగ్గుతుంది, కూడితే ఎప్పుడూ 5 చుట్టుపక్కలే. ఆ కూడిక తప్పితే ఈసీయూ కోడ్ వేస్తుంది. లైవ్ డేటాలో 2.48, 2.52 వచ్చాయి, తిప్పితే పద్ధతిగా కదిలాయి. సెన్సర్ పాడైతే ఇంత శుభ్రంగా కదలదు. అయినా కోడ్ పడిందంటే అప్పుడప్పుడు తెగే వైరు ఉండాలి. కొత్త బండ్లలో కొన్నింటికి సెన్సర్ డిజిటల్‌గా మాట్లాడుతుంది, వాటికి ఈ 2.5 లెక్క పనికిరాదు. బండి వైరింగ్ బొమ్మ చూసుకోవాలి.

వైర్లను ఒక్కొక్కటిగా కదిపాను, తేడా లేదు. టిల్ట్ లివర్ (చక్రం ఎత్తు మార్చేది) వదిలి కాలమ్‌ను పూర్తిగా కిందికి దించగానే ఒక సిగ్నల్ 0.3కి పడిపోయింది, పైకి ఎత్తగానే తిరిగొచ్చింది. దీపం పెట్టి చూస్తే సెన్సర్ వైరింగ్‌ను కాలమ్‌కు పట్టి ఉంచే క్లిప్పు లేదు. ఎవరో స్టీరియో పని కోసం విప్పి మళ్లీ పెట్టలేదు. కాలమ్ దిగినప్పుడల్లా వైరు బిగుసుకుని కప్లర్‌లోని పిన్నును వెనక్కి లాగుతోంది. ఆడ పిన్ను నోరు తెరుచుకుపోయింది. విడి మగ పిన్ను దానిలో పెడితే పట్టు లేకుండా జారిపోతోంది. కప్లర్ బయటికి బిగుతుగా, కొత్తగా కనిపిస్తుంది కాబట్టి పిన్ను పట్టు ఇలా పరీక్షిస్తే తప్ప తెలియదు.

పిన్ను మార్చి, క్రింప్ చేసి, కప్లర్‌లో తాళం పడిన శబ్దం విని, కొంచెం వదులు ఉంచి కొత్త క్లిప్పు పెట్టాను. టిల్ట్ పైన ఉన్నా కింద ఉన్నా వైరు లాగకూడదు. ఈ చోట సోల్డరింగ్ చేయను. టంకం పాకిన వైరు పుల్లలా బిగుసుకుపోయి, టంకం ఆగిన అంచున కదలికకు తెగుతుంది. మెలిపెట్టి టేపు చుట్టడం గురించి చెప్పనక్కర్లేదు, 5 వోల్టుల సిగ్నల్ వైరుకు అది అస్సలు పనికిరాదు.

చివర క్యాలిబ్రేషన్. టైర్లు నేరుగా, బండి సమతలం మీద, బ్యాటరీ నిండుగా ఉండి, స్కానర్‌లో టార్క్ సెన్సర్ జీరో అడిగినప్పుడు చక్రాన్ని చేత్తో తాకకూడదు. తాళం గుత్తి వేలాడుతున్నా, డోర్ దభీమని వేసినా తేడా రావచ్చు. జీరో తప్పితే చెయ్యి వదలగానే బండి ఒకవైపు లాగుతుంది, ఒకవైపు తిప్పితే తేలిగ్గా, ఇంకోవైపు బరువుగా ఉంటుంది. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న బండిలో దాన్ని కూడా సెట్ చేయాలి. తర్వాత ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, టిల్ట్ మూడు స్థానాల్లో పెట్టి, ఏసీ లైట్లతో యూటర్న్‌లు కొట్టి, మళ్లీ స్కాన్ చేశాను. కోడ్లు లేవు.

ఈ బండిలో రాలేదు కానీ తరచూ చూసే ఇంకోటి క్యాన్ లైన్ (బండిలోని మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) దోషం. యూ 0131 కోడ్ అంటే మిగతా మాడ్యూళ్లకు స్టీరింగ్ ఈసీయూ వినిపించడం లేదని. అది వస్తే ముందు ఆ ఈసీయూ సప్లై, ఎర్త్ చూడాలి, కరెంటు లేని మాడ్యూల్ కూడా మూగగానే ఉంటుంది. అవి బాగుంటే బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించేచోట) 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా బండ్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైన్ ఒకచోట తెగింది, సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. మన దగ్గర ఈ వైర్లకు ఎలుకలు పెద్ద శత్రువులు. బోనెట్ కిందా, డ్యాష్‌బోర్డు వెనకా కొరికిన గుర్తుల కోసం దీపంతో చూడాలి. ఇంజిన్ నడుస్తోందన్న కబురు క్యాన్ ద్వారా అందకపోతే చాలా బండ్లలో స్టీరింగ్ సాయమే మొదలవ్వదు, ఆ కేసులో కూడా కాలమ్ మీద నింద పడుతుంది.

కాలమ్ నిజంగానే పోయే సందర్భాలూ ఉన్నాయి. వరదలో డ్యాష్‌బోర్డు దాకా మునిగిన బండి, సప్లై నిండుగా ఉండి కూడా మోటరు కరెంటు సున్నా చూపించే ఈసీయూ, తిప్పుతుంటే టకటక కొట్టే అరిగిన వర్మ్ గేరు. స్క్రాప్‌లో పాత కాలమ్ తెచ్చి వేసేవాళ్లు పార్టు నంబరు చివరి అక్షరం దాకా కలిసిందో లేదో చూసుకోవాలి. బయటికి ఒకేలా ఉన్నా, ఇంజిన్‌ను బట్టి, టైరు సైజును బట్టి ఈసీయూలో సాయం లెక్కలు వేరుగా ఉంటాయి. తప్పుది వేస్తే హైవేలో స్టీరింగ్ మరీ తేలికైపోతుంది. దాన్ని బిగించే ముందు కూడా ప్లస్సు, ఎర్త్ డ్రాప్‌లు కొలవాలి. ఈ బండికి ఆ తడి బోల్టు మీదే కొత్త కాలమ్ వేసి ఉంటే అదే లైట్ మళ్లీ వెలిగేది.